'ఇగో' అనే గ్రహదోషం

మన సంఘాలు ఎందుకు చీలిపోతున్నాయి, చురుగ్గా పనిచేసే కార్యకర్త రెండేళ్ళు తిరగకుండానే ఎందుకు ఇంట్లో కూర్చుంటున్నాడు అని అడిగితే మన మిత్రుల దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది. "ఇగో సమస్యలండీ" అంటారు. కార్యదర్శికి ఇగో, కోశాధికారికి ఇగో, రాజీనామా చేసినాయనకు మరీ ఇగో. అక్కడితో చర్చ అయిపోతుంది. అందరూ తలలూపి, టీ తాగి వెళ్ళిపోతారు.

నా అభ్యంతరం ఈ సమాధానం మీదే. ఇది హేతువాదుల నోట రావలసిన మాట కాదు. ఊళ్ళో పిల్లవాడికి వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే "దిష్టి తగిలింది" అనేవాళ్ళకు మనం ఏం చెబుతాం? బావి నీళ్ళు చూడమంటాం. మంచినీళ్ళ గొట్టం పక్కనే మురుగుకాలవ పారుతోందేమో చూడమంటాం. అదే మన సంఘానికి జబ్బు చేస్తే మాత్రం బావి వైపు చూడం. దిష్టికే పేరు మార్చి ఇగో అంటాం.

జ్యోతిష్కుడి శనికీ మన ఇగోకీ ఉన్న పోలిక చూడండి. పెళ్ళి కుదిరితే గురుబలం, చెడితే శనిదోషం. ఏం జరిగినా జ్యోతిష్కుడి లెక్క తప్పదు. మన దగ్గరా అంతే. కమిటీలో గట్టిగా మాట్లాడితే ఇగో. మాట్లాడకుండా కూర్చుంటే, ఇగో దెబ్బతిని అలిగాడు అంటాం. పదవి వదలకపోతే ఇగో. వదిలేస్తే అది ఇంకా పెద్ద ఇగో. ఏ సంఘటన జరిగితే ఈ వివరణ తప్పని తేలుతుందో చెప్పండి చూద్దాం. చెప్పలేరు. అలా తప్పని తేల్చటానికి వీలులేని వివరణను మనం ఇతరుల దగ్గర ఒప్పుకోం. మన దగ్గరెందుకు ఒప్పుకోవాలి?

మందు కూడా జబ్బుకు తగ్గట్టే ఉంటుంది. "అందరూ ఇగోలు వదులుకోవాలి, సర్దుకుపోవాలి, పెద్దమనసు చేసుకోవాలి" అంటారు. టీవీలో పొద్దున్నే వచ్చే ప్రవచనంలో ఉండేది ఇదే కదా! అహంకారాన్ని జయించమని ఆయనా చెబుతాడు. ఆయన ఆత్మ, పరమాత్మ అంటాడు. మనం ఉద్యమం అంటాం. తేడా అంతే.

మనస్తత్వశాస్త్రం ఈ పొరపాటుకు పేరు కూడా పెట్టింది. 1967లో జోన్స్, హారిస్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఫిడెల్ కాస్ట్రోను సమర్థిస్తూ, వ్యతిరేకిస్తూ రాసిన వ్యాసాలను కొందరి చేత చదివించారు. రాసినవాడు తన ఇష్టం మీద ఆ పక్షం తీసుకోలేదని, ఎవరో కేటాయించారని ముందే చెప్పారు. అయినా చదివినవాళ్ళు, వ్యాసంలో ఉన్నది రాసినవాడి సొంత అభిప్రాయమేననే వైపుకి మొగ్గారు. మనిషి చేసిన పనికి అతడున్న పరిస్థితిని వదిలేసి అతడి స్వభావాన్నే కారణంగా చూపే ఈ అలవాటుకు 1977లో లీ రాస్ పెట్టిన పేరు ఇవాళ పాఠ్యపుస్తకాల్లో ఉంది. దాన్ని తెలుగులో 'మౌలిక ఆపాదన దోషం' అనుకోవచ్చు. మన ఇగో సిద్ధాంతం దీనికి మంచి ఉదాహరణ.

నేను రక్షణ లెక్కల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. చదివింది బీకాం. తత్వశాస్త్రంలో నాకన్నా బాగా చదువుకున్న మిత్రులు సంఘంలో చాలామంది ఉన్నారు. కానీ మనుషులు కలిసి పనిచేసే చోట తగవు ఎలా పుడుతుందో, ఎలా మూసెయ్యాలో మా శాఖ నేర్పినంత బాగా ఏ తత్వశాస్త్రమూ నేర్పదని నా నమ్మకం. నమ్మకం అన్నాను కాబట్టి రుజువులు కూడా ఇస్తాను.

మా శాఖలో లోకల్ ఆడిట్ ఆఫీసర్ అని ఉంటాడు. సైనిక యూనిట్ల లెక్కలూ స్టోర్లూ తనిఖీ చెయ్యటం అతడి పని. అతడు యూనిట్‌కి వెళ్ళినప్పుడు టీ ఇస్తారు, మర్యాద చేస్తారు. అతడు ఆ టీ తాగి మరీ అబ్జెక్షన్ రాస్తాడు. అది చూసి యూనిట్‌లో ఎవరూ "నన్ను దొంగ అన్నాడు" అని భోజనం మానెయ్యరు. ఎందుకంటే ఆ కాయితం మీద వ్యక్తి గుణగణాలు ఉండవు. ఫలానా తేదీ, ఫలానా వోచరు, ఇంత మొత్తం, ఫలానా రూలు, జవాబు ఇవ్వండి అని మాత్రమే ఉంటుంది. జవాబు సరిపోతే 'సెటిల్డ్' అని రాసి మూసేస్తారు. మూసేసిన పేరాను మళ్ళీ మనసులో పెట్టుకుని తిరగటం ఉండదు.

ఈ పద్ధతిలో పనిచేసినవాళ్ళు నిగర్వులని నేను అనటం లేదు. మా ఆఫీసుల్లో ఉన్నంత అహంకారం మీ సంఘాలన్నీ కలిపినా ఉండదు. ఇంక్రిమెంట్లకీ సీనియారిటీకీ కొట్టుకు చచ్చేవాళ్ళం. అయినా రోజువారీ పని నడిచేది. మనుషులు మంచివాళ్ళు కావటం వల్ల కాదు అలా నడిచింది. మంచితనం మీద ఆధారపడని పద్ధతి ఒకటి ఉంది కాబట్టి నడిచింది.

ఇక మన సంఘాల్లో వచ్చే తగవులు చూద్దాం. నాకు తెలిసినంతలో అవి నాలుగు రకాలే.

మొదటిది డబ్బు. దీంట్లో దొంగతనం అరుదు. మన సంఘాల్లో దొంగిలించటానికి ఉండేది కూడా తక్కువే. అసలు చిక్కు జేబులోంచి పెట్టే మంచివాళ్ళతో వస్తుంది. నాకు తెలిసిన ఒక సంఘంలో ఒక మిత్రుడు హాలు అద్దె కట్టాడు, కరపత్రాల బిల్లు కట్టాడు, ప్రొజెక్టర్ కొన్నాడు. ఎవరైనా అడిగితే "తర్వాత చూద్దాంలెండి" అనేవాడు. ఎంతో ఉదారంగా కనిపించింది. నాలుగేళ్ళ తర్వాత ఆయనకు నచ్చని వక్తను పిలిచారు. ఆయన ప్రొజెక్టర్ తీసుకుని వెళ్ళిపోయాడు. సంఘం ఆయన్ను లోభి అంది, ఆయన సంఘాన్ని కృతఘ్నులంది. ఇద్దరి మాటలూ తప్పే. ఆ ప్రొజెక్టర్ విరాళమా, అప్పా అన్నది ఎవరూ ఏనాడూ రాయలేదు. రాయని ఉదారత మొత్తం తెలియని అప్పు లాంటిది. ఇచ్చినవాడి మనసులో అది ఏటేటా పెరుగుతుంది, పుచ్చుకున్నవాడి మనసులో ఏటేటా తరుగుతుంది. సభ్యుడు జేబులోంచి పెట్టిన ప్రతి రూపాయినీ అదే నెలలో విరాళం అనో అడ్వాన్స్ అనో రాయాలి. మూడో గడి ఉండకూడదు.

దీనికి రెండో ముఖం కోశాధికారి. లెక్క అడిగితే "నా మీద అనుమానమా?" అంటాడు. అతడి బాధలో న్యాయం ఉంది. ఎందుకంటే మన దగ్గర లెక్క అడిగేది అనుమానం వచ్చినప్పుడే. ప్రతి నెలా ఎవరూ అడగకుండానే జమాఖర్చులు చదివే ఆచారం ఉంటే, అడగటం అవమానం కాదు. చెక్కు మీద రెండు సంతకాలు, ప్రతి ఖర్చుకూ వోచరు, నెలకొకసారి చదవటం. ఈ మూడూ కోశాధికారిని పట్టుకోవటానికి పెట్టినవి కావు. రేపు ఎవడో గిట్టనివాడు నింద వేస్తే ఆయన్ను కాపాడేవి ఇవే.

రెండో తగవు, "మనం అలా అనుకోలేదు". క్రితం సమావేశంలో ఏం నిర్ణయించారో ఏడుగురికి ఏడు రకాలుగా గుర్తుంటుంది. ఎవరూ అబద్ధం చెప్పరు. జ్ఞాపకం అలాంటిది. పునర్జన్మ కథల్లో, దయ్యాల కథల్లో సాక్షుల జ్ఞాపకాన్ని నమ్మవద్దని ఊరూరా చెప్పే మనం, కమిటీ విషయానికి వచ్చేసరికి జ్ఞాపకం మీద బండి లాగిస్తాం. మినిట్స్ పుస్తకం పెట్టండి. లేవబోయే ముందే నిర్ణయాలు చదివి సంతకాలు తీసుకోండి. ఎవరు చెయ్యాలి, ఎప్పటిలోగా అన్న రెండు ముక్కలు లేని తీర్మానం తీర్మానం కాదు, కోరిక.

మూడోది పని పంపకం. 1979లో రాస్, సికోలీ అనే పరిశోధకులు దంపతులను విడివిడిగా అడిగారు, ఇంటి పనుల్లో మీ వాటా ఎంత అని. ఇద్దరి వాటాలూ కలిపితే చాలా జంటల్లో నూటికి నూరు దాటింది. ఎవరి కష్టం వాళ్ళకు బాగా గుర్తుంటుంది మరి. ఇద్దరున్న ఇంట్లోనే ఇలా ఉంటే, జీతం లేకుండా పదిహేనుమంది పనిచేసే సంఘంలో ఎంతవుతుందో ఊహించండి. ప్రతివాడూ సంఘాన్ని తానే మోస్తున్నాననుకుంటాడు. తక్కినవాళ్ళు కూర్చుని ఉన్నారనుకుంటాడు. పైగా స్వచ్ఛంద సేవలో జీతం, ప్రమోషను లేవు కాబట్టి గుర్తింపే జీతం. కరపత్రంలో పేరు, వేదిక మీద కుర్చీ, ఫ్లెక్సీలో ఫోటో కోసం తగవు పడితే చిన్నబుద్ధి అని నవ్వుతాం. ఆఫీసులో జీతం బిల్లులో ఒకరి పేరు తప్పిపోతే నవ్వుతామా? గుర్తింపు కూడా లెక్కప్రకారం పంచవలసిందే. ఎవరు ఏ పని చేశారో ఒక పుస్తకంలో రాయండి, వార్షిక నివేదికలో పేర్లతో చదవండి. వేదిక మీద అధ్యక్షత వంతులవారీగా ఇవ్వండి. ఆ పుస్తకం తెరిచి చూస్తే ఇంకో విషయం కూడా బయటపడుతుంది. ఉపన్యాసాల గడిలో మగవాళ్ళ పేర్లు, టీ, రిజిస్ట్రేషను, కుర్చీల గడిలో ఆడవాళ్ళ పేర్లు. స్త్రీ సమానత్వం మీద మనం వేసిన కరపత్రాలు పంచింది కూడా వాళ్ళే.

నాలుగోది శాశ్వత కార్యదర్శి. "ఆయన లేకపోతే సంఘం లేదు" అని గర్వంగా చెప్పుకుంటాం. ఈ మాట ఆశ్రమాల్లో బాబా గురించి కూడా అంటారు. ఆయన ఇంట్లోనే రికార్డులు, ఆయన పేరనే ఫోను, ఆయన చేతిలోనే పాస్‌బుక్కు. ఇరవై ఏళ్ళయ్యేసరికి సంఘానికీ ఆయన సొంత ఆస్తికీ గీత చెరిగిపోతుంది. ఎవరైనా మార్పు అంటే అది ఆయన మీద తిరుగుబాటు అయి కూర్చుంటుంది. ప్రభుత్వంలో సున్నితమైన సీట్లలో ఉన్నవాళ్ళను కొన్నేళ్ళకొకసారి మార్చాలని కేంద్ర విజిలెన్స్ కమిషన్ చెబుతూ వచ్చింది. అక్కడ ఉన్నవాళ్ళంతా దొంగలని దాని అర్థం కాదు. ఒకే కుర్చీలో చాలాకాలం కూర్చుంటే మనిషికీ కుర్చీకీ అంటు కట్టినట్టవుతుందని అర్థం. రెండు దఫాలు చాలు. దిగేటప్పుడు సంతకం చేసిన అప్పగింత కాయితం ఇవ్వాలి.

1948 డిసెంబరులో ఎం.ఎన్. రాయ్, ఆయన సహచరులు తాము కట్టిన రాడికల్ డెమోక్రటిక్ పార్టీనే రద్దు చేసుకున్నారు. అధికారం కొద్దిమంది చేతుల్లో పోగుపడటం పార్టీల స్వభావం అని వాళ్ళ వాదన. ఆయన పుస్తకాలు మన అలమరాల్లో ఉంటాయి. ఆ అలమర తాళం మాత్రం ఇరవై ఏళ్ళుగా ఒకరి దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు నాకు వచ్చే ఎదురు ప్రశ్నలు చూద్దాం.

"మనది సర్కారు ఆఫీసు కాదు, మిత్రబృందం. రూళ్ళు పెడితే ఆత్మీయత పోతుంది" అంటారు. ఈ మాట కొత్తది కాదు. 1960ల చివర అమెరికాలో మహిళా విముక్తి బృందాలు కూడా నాయకులు వద్దు, నిర్మాణం వద్దు అనుకున్నాయి. ఆ ఉద్యమంలోనే పనిచేసిన జో ఫ్రీమన్ 1970లో ఒక ప్రసంగంలో, తర్వాత వ్యాసంగా ప్రచురించి, దీన్ని ఖండించింది. నిర్మాణం లేని బృందం అంటూ ఉండదు, రాసిపెట్టిన నిర్మాణం లేకపోతే రాయని నిర్మాణం ఏలుతుంది, రాయనిదాన్ని ప్రశ్నించటం ఎవరి తరమూ కాదు అన్నది ఆమె వాదన సారాంశం. మన మిత్రబృందంలోనూ అసలు నిర్ణయాలు ఎక్కడ జరుగుతాయి? సమావేశం అయ్యాక, నలుగురు పాత మిత్రులు ఒకరింటికి వెళ్ళాక. కొత్తగా చేరిన కుర్రాడికి ఆ ఇంటి అడ్రసు తెలియదు. ఆత్మీయత అంటే ఆ నలుగురికి ఆత్మీయత.

హెన్రీ మార్టిన్ రాబర్ట్ అని అమెరికా సైన్యంలో ఇంజనీరు అధికారి ఒకాయన ఉండేవాడు. 1863లో ఒక చర్చి సమావేశానికి అధ్యక్షత వహించమన్నారు. సభ అల్లకల్లోలమైంది, ఆయన చేత కాలేదు. అందరిదీ ఒకే దేవుడు, ఒకే గ్రంథం. అయినా ఎవరు ముందు మాట్లాడాలో తేలలేదు. ఆయన ప్రార్థనతో ఊరుకోలేదు, సభా నియమాలు చదవటం మొదలుపెట్టాడు. 1876లో అచ్చయిన ఆయన పుస్తకం ఇప్పటికీ ఎన్నో సంఘాలకు ఆధారం. ఒక ఆస్తికుడు ఇంత హేతుబద్ధంగా ఆలోచించినప్పుడు మనకేం వచ్చింది?

"కొందరు నిజంగానే కలహప్రియులు ఉంటారు కదా?" అంటారు. ఉంటారు. ఎవరు కాదన్నారు? కానీ దాన్ని తేల్చటానికి పరీక్ష ఉంది. మనిషిని మార్చి చూడండి. కోశాధికారి మారాక కూడా అదే తగవు వస్తే దోషం కుర్చీది. కుర్చీ మారినా అదే మనిషి దగ్గర తగవు వస్తుంటే దోషం మనిషిది. మన సంఘాల చరిత్ర తీసి చూడండి, ముగ్గురు కార్యదర్శులు మారినా ఒకే తగవు మూడుసార్లు వచ్చిన సందర్భాలు మీకే కనబడతాయి. రెండో రకం మనిషే అని తేలితే, అతడి మీద ఆరోపణ రాతలో ఇచ్చి, జవాబు చెప్పుకునే అవకాశం ఇచ్చి, తీర్మానంతో తొలగించండి. వెనకాల గుసగుసలు, వాట్సాప్ గ్రూపులోంచి రాత్రికి రాత్రి తీసెయ్యటం న్యాయం అనిపించుకోవు.

వాట్సాప్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. గ్రూపులో మనిషి మీద అభ్యంతరం రాయకూడదు అన్న ఒక్క రూలు పెట్టుకుంటే సగం చీలికలు ఆగుతాయి. అబ్జెక్షన్ ఇచ్చేది సంబంధించిన వ్యక్తికి, జవాబుకి గడువుతో. నూట యాభైమంది చూస్తుండగా అడిగిన ప్రశ్నకు ఎవడూ జవాబు చెప్పడు, ఎదురుదాడి చేస్తాడు.

ఒక విషయంలో మాత్రం సర్దుబాటు మాటే ఎత్తకూడదు. ఒక మహిళా కార్యకర్త తనను ఫలానా పెద్దమనిషి వేధిస్తున్నాడని చెబితే, దాన్ని కూడా 'వ్యక్తిగత విభేదాల' ఫైల్లో పెట్టే సంఘాలున్నాయి. "ఉద్యమానికి చెడ్డపేరు వస్తుందమ్మా, సర్దుకో" అంటారు. మఠాల్లో చెప్పే మాట ఇదే. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు కూడా దాని కిందికి వస్తారు. సొసైటీలు, ట్రస్టులు, స్వచ్ఛంద సంస్థలు కూడా పనిచేసే చోట్లే. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువైతే జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యవచ్చు. ఈ సంగతి మన బైలాలో ఉందా? కార్యకర్తలకు ఎవరైనా చెప్పారా?

చట్టం గురించే ఇంకో మాట. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో వచ్చిన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, కమిటీలోనో సభ్యుల మధ్యనో వివాదం వస్తే మధ్యవర్తిత్వ చట్టం కింద తేల్చుకోవాలి, లేదా జిల్లా కోర్టుకు వెళ్ళాలి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవటం అంటే ఇదే. కోర్టులో జడ్జి మొదట అడిగేది మీ సిద్ధాంతం కాదు, మినిట్స్ పుస్తకం. రాతలో ఏమీ లేనివాళ్ళు ఏళ్ళతరబడి వాయిదాలకు తిరుగుతారు.

ఇదంతా సంఘం లోపలి గోల, దీనికింత రాద్ధాంతం ఎందుకని మీరనవచ్చు. నష్టపోయేది మనం కాదు కాబట్టే రాస్తున్నాను. ఒక పల్లెలో ఒక ముసలావిడ చేతబడి చేస్తోందని పుకారు లేచిందనుకోండి. ఆ రాత్రికో మర్నాటికో అక్కడ ఏదైనా జరగవచ్చు. వెళ్ళవలసిన బృందంలో ఒకరు అధ్యక్షుడితో మాట్లాడటం లేదు, ఇంకొకరు పోయిన సభలో పేరు వెయ్యలేదని అలిగారు, జీపుకి డబ్బులు తియ్యాలంటే రెండు వర్గాల మధ్య బ్యాంకు ఖాతా స్తంభించింది. ఆ ముసలావిడకి మన సిద్ధాంత విభేదాలతో పనేమిటి? ఆవిడ ప్రాణం మన మినిట్స్ పుస్తకం మీద ఆధారపడి ఉంది.

2013 ఆగస్టు 20న పుణెలో నరేంద్ర దభోల్కర్‌ను కాల్చి చంపారు. ఒక మనిషిని తీసేస్తే పని ఆగిపోతుందని హంతకులు లెక్క వేసి ఉంటారు. అదే ఏడాది డిసెంబరులో మహారాష్ట్ర శాసనసభ ఆయన ఏళ్ళతరబడి పోరాడిన మూఢాచార నిరోధక చట్టాన్ని ఆమోదించింది. ఆయన పెట్టిన సమితి పని ఆయనతో పాటు ఆగిపోలేదు. "ఆయన లేకపోతే సంఘం లేదు" అని గర్వంగా చెప్పుకునేవాళ్ళు ఈ సంగతి ఆలోచించాలి. అది శత్రువుకి మనం రాసిచ్చే చీటీ.

నేను అడిగేది నాలుగు పుస్తకాలు. జమాఖర్చుల పుస్తకం, మినిట్స్ పుస్తకం, పనుల పుస్తకం, అభ్యంతరాల పుస్తకం. చివరిదాంట్లో ప్రతి అభ్యంతరానికీ తేదీ, విషయం, జవాబు, పరిష్కారం అని నాలుగు గడులుండాలి. మూసేసిన అభ్యంతరాన్ని మళ్ళీ మహాసభలో ఎత్తటానికి వీల్లేదు. నాలుగూ కలిపినా మనం ఒక సభకు తెప్పించే పూలదండల ఖర్చు కాదు. అయినా హేతువాదులకు పూలదండలెందుకో, అది ఇంకో వ్యాసం.

వచ్చే నెల మీ కమిటీ సమావేశంలో ఎవరైనా "ఇగో" అన్న మాట ఎత్తితే, ఒకే ప్రశ్న వెయ్యండి: "ఏ తేదీన, ఏ విషయంలో, ఏ నిర్ణయం మీద?" జవాబు వస్తే రాసుకోండి, పరిష్కరించండి. రాకపోతే, అది గ్రహదోషం అని ఆయనకు మర్యాదగా చెప్పి, అజెండాలో తర్వాతి అంశానికి వెళ్ళండి.